కొలతలు ఇచ్చినవారికి ఫలితం తెలియాలి

సంపాదకులకు,

ఏళ్ల తరబడి అవే కుటుంబాలను మళ్లీ మళ్లీ కలిసి వివరాలు రాసుకునే సర్వేలు ఇప్పుడు ప్రశ్నలతో సరిపెట్టుకోవడం లేదు. రక్తపోటు చూస్తున్నారు, నడుము చుట్టుకొలత తీసుకుంటున్నారు, చేతి పట్టులో ఎంత బలముందో పరికరంతో కొలుస్తున్నారు. వేలి కొసన సూదితో పొడిచి, రక్తపు చుక్కలను కాగితంపై ఆరబెట్టి ప్రయోగశాలకు పంపుతున్నారు. అమెరికాలో 1992లో మొదలైన ఆరోగ్య, పదవీ విరమణ అధ్యయనం 2006 నుంచి ఈ కొలతలు సేకరిస్తోంది. భారత్‌లో 45 ఏళ్లు, ఆపై వయసువారి మీద 2017-18లో తొలి విడత జరిగిన లాసీ (భారత వృద్ధాప్య దీర్ఘకాలిక అధ్యయనం) సర్వేలోనూ ఇవన్నీ ఉన్నాయి.

కొలవడం తప్పని నేను అనను, కొలిచి తీరాలి. ఎత్తు అడిగితే కాస్త పెంచి, బరువు అడిగితే కాస్త తగ్గించి చెప్పడం ఎక్కడైనా ఉన్నదే. రక్తపోటు లేదని చెప్పేవారిలో చాలామంది అబద్ధం ఆడటం లేదు, వారికి నిజంగానే తెలియదు. అధిక రక్తపోటు ఉన్న పెద్దల్లో 46 శాతం మందికి ఆ సంగతే తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. పైగా వైద్యుడి దగ్గరకు తరచూ వెళ్లగలిగినవారికే జబ్బు పేరు తెలుస్తుంది. నోటిమాట మీదే ఆధారపడితే, వైద్యం అందని పేదలు లెక్కల్లో ఆరోగ్యవంతులుగా తేలతారు. ఇంతకన్నా అన్యాయమైన లెక్క ఉండదు.

నా బాధంతా ఆ తర్వాత జరిగేదాని గురించే. మంచి సర్వేల్లో రక్తపోటు ఎలా చూస్తారో గమనించండి. మనిషిని ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోబెడతారు. చేతి లావుకు తగిన పట్టీ చుడతారు. నిమిషం ఎడంతో మూడుసార్లు చూస్తారు. మొదటిసారి ఎక్కువ చూపించే అవకాశం ఉంది కనుక దాన్ని వదిలి, మిగతా రెండింటి సగటు తీసుకునే పద్ధతీ ఉంది. అంకె కోసం ఇంత శ్రద్ధ! నాకు తెలిసిన ఒక పెద్దావిడకు అలాగే చూసి, 172/104 అని చీటీ మీద రాసి చేతికిచ్చి వెళ్లిపోయారు. ఆమె దాన్ని రసీదు అనుకుని జాగ్రత్తగా దాచుకున్నారు. వారాల తర్వాత కొడుకు చూసి వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాడు. ఒక్క మాట, "ఇది ఎక్కువగా ఉందమ్మా, ఆలస్యం చేయకుండా చూపించుకోండి" అని ఎవరూ అనలేదు.

ఫలితం చెబితే జనం అలవాట్లు మార్చుకుంటారని, అప్పుడు వారు మిగతా సమాజానికి ప్రతినిధులుగా నిలవరని కొందరు పరిశోధకుల సందేహం. అది కొట్టిపారేయదగ్గ సందేహం కాదు. అయినా ఎవరికి ఏం చెప్పారో, ఎప్పుడు చెప్పారో నమోదు చేస్తే దాన్ని విశ్లేషణలో లెక్కలోకి తీసుకోవచ్చు. ప్రమాదకరమైన అంకెను చూసి ఊరుకోవడాన్ని మాత్రం ఏ శాస్త్రమూ సమర్థించలేదు.

ప్రయోగశాలకు పంపిన రక్తం సంగతి కొంచెం వేరు. గడచిన రెండు మూడు నెలల చక్కెర స్థాయిని చెప్పే పరీక్ష ఫలితం అప్పటికప్పుడు రాదు. అది తనకు చేరుతుందో లేదో అనుమతి పత్రంపై సంతకానికి ముందే మనిషికి తెలియాలి. రక్తం నిల్వ చేయడానికీ జన్యు పరీక్షకూ విడివిడిగా అనుమతి అడగాలి. సూది వద్దన్నవారిని సర్వే నుంచే తప్పించకూడదు. ఇరవై ఏళ్లుగా వివరాలిస్తున్న కుటుంబం విసిగి తప్పుకుంటే, ఆ స్థానంలో పొరుగింటివారిని కూర్చోబెట్టి ఆ ఇరవై ఏళ్లను తిరిగి తెచ్చుకోలేం.

కొత్త విడతకు సిద్ధమవుతున్న సంస్థలు, ఫలితాన్ని ఇంటివారికి అర్థమయ్యే భాషలో వివరించడానికి పట్టే సమయాన్నీ, సిబ్బందినీ మొదటి బడ్జెట్‌లోనే చేర్చాలని కోరుతున్నాను. ఆందోళన కలిగించే రక్తపోటు కనబడితే ఆ రోజే ఎవరిని కలవాలో రాసిచ్చి, కొన్నాళ్లకు ఫోను చేసి వెళ్లారా అని అడగాలి.

– ఒక పాఠకుడు