5 నెలల యూనిట్లు ఒకే బిల్లులో వేసినందుకు ఫిర్యాదు

కస్టమర్ కేర్ వాళ్ళకి,

నమస్కారం అండి. ఇప్పటికి 4 సార్లు ఫోన్ చేశా, ప్రతిసారీ కొత్త మనిషి ఎత్తడం, నేను మొదట్నుంచి కథంతా చెప్పడం, చివర్లో కంప్లైంట్ నోట్ చేసుకున్నాం అనడం, అంతే. అందుకే రాసి పంపిస్తున్నా, కాస్త ఓపిగ్గా చదవండి.

మా కరెంటు మీటరు గేటు పక్కన బయటి గోడకే ఉంటుంది, ఇంటికి తాళం వేసున్నా రోడ్డు మీద నిలబడి రీడింగ్ తీసుకోవచ్చు. అయినా వరసగా 4 నెలలు బిల్లు మీద డోర్ లాక్ అని కొట్టి యావరేజ్ అని నెలకి 120 యూనిట్లు వేశారు. చూసుకోకుండా కట్టేశా, అది నా పొరపాటే. ఐదో నెల మీ మనిషి వచ్చి అసలు రీడింగ్ తీస్తే ఒకేసారి 610 యూనిట్లు!

ముందు ఎక్కడైనా లీకేజీ ఏమో అనుకుని మెయిన్ ఉంచి ఇంట్లో స్విచ్చులన్నీ ఆపేసి మీటరు ముందు పావుగంట నించున్నా, కరెంటు పోతుంటే వెలిగే ఎర్ర లైటు ఒక్కసారి కూడా మినుక్కుమనలేదు. అంటే వాడింది మేమే. అమ్మకి ఈమధ్య రాత్రిళ్ళు ఆక్సిజన్ మిషన్ పెడుతున్నాం, దాని మీద 350 వాట్లు అని ఉంది, 8 గంటలు నడిస్తే 2.8 యూనిట్లు, నెలకి 84. పాత 120కి కలిపితే 204, మీటరు ప్రకారం నెలకి పడే 218కి దాదాపు సరిపోయింది. కాబట్టి కట్టనని అనట్లేదండి.

నా గొడవంతా స్లాబ్ గురించే, అంటే నెలలో వాడిన యూనిట్లు పెరిగేకొద్దీ యూనిట్ రేటు పెరగడం గురించి. పాత రీడింగ్ 15240, ఇప్పుడు 16330, తేడా 1090, 5 నెలలకి పంచితే నెలకి 218. మీరేమో ముందు 4 నెలలకి వేసిన 480 పోను మిగిలిన 610 ఒక్క నెలలోనే వాడేసినట్టు చూపించి పై స్లాబ్ రేటు వేశారు. మీవాళ్ళు రానందుకు ఆ ఎక్కువ రేటు మేమెందుకు కట్టాలి? మొదటి నెలే సరైన రీడింగ్ వచ్చుంటే గీజరైనా ఆపేవాళ్ళం, 2000 వాట్లది అరగంట వేస్తే ఒక యూనిట్ పోతుంది, అమ్మ మిషన్ ఆపలేం గానీ చన్నీళ్ళు పోసుకోగలం కదా.

ఫోన్లో ఒకావిడ మాత్రం, పాపం మంచిగానే మాట్లాడింది, వాయిదాలు ఇస్తారంది, ఇంట్లో పేషెంటు మిషన్ ఉంటే కరెంటు కట్ చెయ్యకుండా పేరు రాసుకునే లిస్టు ఉందంది, ఫారం మెయిల్ చేస్తానంది. ఫారం రాలేదు గానీ కట్ చేస్తామని మెసేజ్ మాత్రం తెల్లారేసరికి వచ్చింది.

బిల్లు 5 నెలలకి విడగొట్టి, ఇప్పటిదాకా కట్టింది తీసేసి మళ్ళీ వేయండి, మిగిలింది వాయిదాల్లో కడతా. ఆ ఫారం పంపండి. ఇది తేలేదాకా కరెంటు మాత్రం తియ్యొద్దు. డాక్టర్ చీటీ, 5 బిల్లులు, మీటరు ఫోటో జత చేశా. ఈసారి ఫోన్ చేసేవాళ్ళు ముందు ఇది చదివి చెయ్యండి, మళ్ళీ మొదట్నుంచి చెప్పే ఓపిక నాకు లేదు.

ఇట్లు
మీ వినియోగదారు