ఇకపై మా దుకాణంలో ఏ రిమోట్లు దొరుకుతాయి, ఏవి దొరకవు

విజయవాడ గవర్నరుపేటలోని మా హాబీ దుకాణానికి వచ్చే కస్టమర్లకు, గుంటూరు, తెనాలి, ఏలూరుల నుంచి ఫోను మీద ఆర్డరు ఇచ్చేవారికి ఒక మార్పు గురించి తెలియజేయవలసి ఉంది. రిమోట్‌తో నడిచే చిన్న రేసు కార్ల సెట్లలో, విడి రిసీవరు (కారులో ఉండి రిమోట్ సంకేతాన్ని అందుకునే భాగం) నిలకడగా దొరకని వాటిని ఇకమీదట మేము అమ్మబోవడం లేదు. అలాగే సాన్వా ఎం17, ఫుటాబా 10పీఎక్స్ స్థాయి ఖరీదైన జపాన్ సెట్లను అద్దాల బీరువాలో నిలవ ఉంచడం మానేసి, అడిగినవారికి మాత్రమే తెప్పిస్తాము. ఈ రెండు నిర్ణయాల వల్ల మా అమ్మకం కొంత తగ్గుతుందని తెలిసే తీసుకున్నాము. కారణాలు దాచకుండా చెబుతున్నాను. మీరు ఏ దుకాణంలో కొన్నా అవి పనికివస్తాయి.

రిమోట్ కొనడానికి వచ్చేవారిలో చాలామంది మొదట అడిగేది ఛానెళ్లు (రిమోట్ విడివిడిగా నియంత్రించగల పనులు) ఎన్ని, రేంజి ఎంత అని. అడగవలసిన మొదటి ప్రశ్న మాత్రం దీని రిసీవరు విడిగా ఎంతకు దొరుకుతుంది, వచ్చే ఏడాది కూడా దొరుకుతుందా అన్నది. రిమోట్ ఒకసారి కొంటారు, రిసీవరు మాత్రం కారుకొకటి కావాలి. ఒక బగ్గీతో మొదలుపెట్టినవారు ఏడాది తిరిగేసరికి టూరింగ్ కారో, షార్ట్ కోర్స్ ట్రక్కో తీసుకుంటారు. మూడో కారు ఇంటికి వచ్చేనాటికి కొన్ని సెట్లలో రిసీవర్ల ఖర్చు రిమోట్ ఖర్చును దాటిపోవచ్చు. ఒక సాన్వా లేదా ఫుటాబా రిసీవరుకు పెట్టే డబ్బుతో ఫ్లైస్కై వారి చిన్న సెట్టు, రిసీవరుతో సహా వచ్చేస్తుంది. అందువల్ల ఎన్ని కార్లు నడపబోతున్నారన్నది తేల్చుకోకుండా రిమోట్ ధర ఒక్కటే చూసి బేరమాడడం వల్ల ప్రయోజనం లేదు.

అన్ని రిమోట్లూ 2.4 గిగాహెర్ట్జ్ మీదనే పనిచేస్తాయి కనుక ఏ రిసీవరైనా సరిపోతుందని అనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. ఒక కంపెనీ రిసీవరు మరో కంపెనీ రిమోట్‌తో సాధారణంగా బైండ్ కాదన్న (జత కుదరదన్న) సంగతి అలా ఉంచి, ఒకే కంపెనీలో కూడా సంకేతం పంపే పాత పద్ధతికి, కొత్త పద్ధతికి పొసగదు. ఫ్లైస్కైనే తీసుకుంటే, జీటీ3బీ అనే పాత మూడు ఛానెళ్ల సెట్టు ఏఎఫ్‌హెచ్‌డీఎస్ పద్ధతిలో, జీటీ5 ఏఎఫ్‌హెచ్‌డీఎస్ 2ఏ పద్ధతిలో, నోబుల్ ఎన్‌బీ4 ఏఎఫ్‌హెచ్‌డీఎస్ 3 పద్ధతిలో పనిచేస్తాయి. జీటీ3బీతో వచ్చిన రిసీవరును దాచుకుని ఎన్‌బీ4 కొన్నాక వాడుకుందామంటే కుదరదు. ఫుటాబాలో ఎస్-ఎఫ్‌హెచ్‌ఎస్‌ఎస్, టీ-ఎఫ్‌హెచ్‌ఎస్‌ఎస్, ఎఫ్-4జీ అని, సాన్వాలో ఎఫ్‌హెచ్3, ఎఫ్‌హెచ్4, ఎఫ్‌హెచ్5 అని తరాలు ఉన్నాయి. కొత్త రిమోట్లు వెనుకటి తరాల రిసీవర్లలో కొన్నింటిని గుర్తిస్తాయి గాని, పాత రిమోట్ కొత్త తరం రిసీవరును గుర్తిస్తుందన్న ఆశ పెట్టుకోకూడదు. సెకండ్‌హ్యాండ్‌లో సెట్టు కొనేవారు ఈ ఒక్క విషయం తప్పనిసరిగా చూసుకోవాలి. చవకగా వచ్చిందని కొన్న పాత సెట్టుకు రిసీవరు తయారీ ఆగిపోయి ఉంటే, ఆ రిమోట్ ఉన్న ఒక్క రిసీవరుతోనే కాలం గడపాలి. పేరు చెప్పను గాని, అటువంటి సెట్లు రెండు రకాలు మా దగ్గర ఉండేవి. వాటిని కొన్నవారు రిసీవరు పాడై తిరిగి వచ్చినప్పుడు ఇవ్వడానికి మా చేతిలో ఏమీ లేకపోతే, ఆ అమ్మకం మాకు లాభమని లెక్కలో రాసుకోవడం నాకు ఇష్టం లేదు.

ఇక ఖరీదైన సెట్ల సంగతి. ఒక్క పెద్ద సెట్టు అమ్మితే మాకు మిగిలేది చిన్న సెట్లు అనేకం అమ్మినా మిగలదు, కాబట్టి ఈ మాట చెప్పడం దుకాణదారుడిగా నాకు నష్టమే. వాటి గొప్పతనం ప్రధానంగా వేగంలో ఉంది. సర్వోకు (కారు చక్రాలను అటూ ఇటూ తిప్పే చిన్న మోటారు పెట్టెకు) సంకేతం పంపే సంప్రదాయ పద్ధతిలో 20 మిల్లీసెకన్లకు ఒకసారి, అంటే సెకనుకు 50 సార్లు, పల్స్ వెళుతుంది. పల్స్ నిడివి 1.5 మిల్లీసెకన్ల దగ్గర ఉంటే చక్రాలు తిన్నగా ఉంటాయి, 1 వైపుకు తగ్గినా 2 వైపుకు పెరిగినా అటో ఇటో తిరుగుతాయి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు సుమారు 16.7 మీటర్లు కదులుతుంది గనుక, ఆ 20 మిల్లీసెకన్లలో 33 సెంటీమీటర్లు పోతుంది. 1/10 (అసలు కారులో పదో వంతు) టూరింగ్ కారు వెడల్పు 19 సెంటీమీటర్లే అన్నది గుర్తుంచుకుంటే ఇది చిన్న దూరం కాదు. సాన్వావారి ఎస్‌ఎస్‌ఆర్, ఫుటాబావారి ఎస్‌ఆర్ వంటి వేగవంతమైన పద్ధతులు ఈ వ్యవధిని బాగా తగ్గించడం వల్లనే పోటీల్లో పైస్థాయి డ్రైవర్లు వాటిని కోరుకుంటారు.

అయితే అదే లెక్కను సర్వోకు కూడా వర్తింపజేసి చూడండి. 60 డిగ్రీలు తిరగడానికి 0.20 సెకన్లు తీసుకునే మామూలు సర్వోకు, 0.10 సెకన్లు తీసుకునే మంచి డిజిటల్ సర్వోకు మధ్య తేడా 100 మిల్లీసెకన్లు. మలుపులో సర్వో అందులో సగమే తిరుగుతుందని అనుకున్నా 50 మిల్లీసెకన్లు మిగులుతాయి. పైన చెప్పిన 20 మిల్లీసెకన్లూ తగ్గాయనుకున్నా, రిమోట్ మార్చడం వల్ల వచ్చే లాభం దానిలో సగం కన్నా తక్కువే. నెమ్మది సర్వోను కారులో ఉంచుకుని వేగవంతమైన రిమోట్ కొనడం డబ్బును తలకిందులుగా ఖర్చుపెట్టడమే అవుతుంది. చేతిలో ఉన్న మొత్తంలో మధ్యస్థ రిమోట్ తీసుకుని, మిగిలినది స్టీరింగ్ సర్వోకు, మంచి టైర్లకు కేటాయించమని అడిగినవారందరికీ చెబుతున్నాను.

ఇందులోనే ఒక ప్రమాదం కూడా ఉంది. ఆ వేగవంతమైన పద్ధతులు వాటికి తగిన డిజిటల్ సర్వోల కోసమే. సాధారణ అనలాగ్ సర్వోను రిసీవరుకు తగిలించి రిమోట్‌లో ఆ పద్ధతిని ఎంచుకుంటే, సర్వో మోటారు, సర్క్యూటు వేడెక్కి కాలిపోతాయి. రిమోట్‌లో ఒక్కొక్క ఛానెలుకు పద్ధతిని విడిగా ఎంచుకునే వీలుంటే స్టీరింగ్‌కు ఒకటి, ఇతర ఛానెళ్లకు మరొకటి పెట్టుకోవాలి.

చేతికి కుదరడం గురించి కేటలాగులు ఏమీ చెప్పవు, నా దృష్టిలో మాత్రం రిసీవరు తర్వాతి స్థానం దానిదే. తుపాకీ పిడి ఆకారంలో ఉండే రిమోట్‌ను ఎడమచేత్తో పట్టుకుని, చూపుడువేలితో ట్రిగ్గర్ లాగితే కారు ముందుకు పోతుంది, ముందుకు నెడితే బ్రేకు పడుతుంది, కుడిచేయి చక్రం మీద ఉంటుంది. చేయి చిన్నదైన పిల్లలకు కొన్ని సెట్లలో ట్రిగ్గర్ అందదు. అందినా బ్రేకు వేయడానికి వేలు పూర్తిగా చాపవలసి వస్తుంది. అయిదు నిమిషాల పరుగులో అది బాధించకపోవచ్చు గాని, గ్యాసు కార్ల (బ్యాటరీతో కాక ఇంధనం పోసిన ఇంజనుతో నడిచేవాటి) సుదీర్ఘమైన ఫైనల్లో మణికట్టు లాగేస్తుంది. ట్రిగ్గర్ స్థానాన్ని, స్ప్రింగు బిగువును సర్దుకునే ఏర్పాటు ఉన్న సెట్టు దొరికితే కొంచెం ఎక్కువ పెట్టడంలో తప్పులేదు. ఎడమచేతివాటం వారికి చక్రాన్ని రెండోవైపుకు మార్చుకునే వీలు ఖరీదైన కొన్ని సెట్లలోనే ఉంది, వారి విషయంలో మధ్యస్థ రిమోట్ చాలన్న నా సలహా వర్తించకపోవచ్చు. ఈ కారణం చేతనే, పెట్టె విప్పకుండా అమ్మడం కన్నా, దుకాణానికి వచ్చి నమూనా సెట్టును కాసేపు పట్టుకుని చూశాక కొనమని కోరుతున్నాము.

ఛానెళ్ల విషయం తేలిక. రేసుకు రెండు ఛానెళ్లు చాలు, గ్యాసు కారుకో, ల్యాపు సమయం లెక్కించే ట్రాన్స్‌పాండరుకు కరెంటు ఇవ్వడానికో మూడోది ఉపయోగపడుతుంది. ఆరు, ఎనిమిది ఛానెళ్లు లైట్లు, వించిలు బిగించుకుని రాళ్లు ఎక్కించే క్రాలర్ కార్ల వారికి. రేంజి గురించి ఆలోచించనే అక్కర్లేదు, కంటికి కనిపించని కారును ఎవరూ నడపలేరు.

"సిగ్నల్ పోతోంది, రిమోట్ మార్చండి" అంటూ వచ్చే కార్లలో అసలు దోషం ఎక్కువగా కరెంటులో కనిపిస్తుంది. సర్వో గట్టిగా పట్టేసినప్పుడు అది లాగే కరెంటును ఈఎస్‌సీలోని (మోటారు వేగాన్ని నియంత్రించే పెట్టెలోని) బీఈసీ, అంటే రిసీవరుకు, సర్వోకు కరెంటు ఇచ్చే భాగం, ఇవ్వలేకపోతే వోల్టేజి పడిపోతుంది, రిసీవరు ఒక్క క్షణం ఆగి మళ్లీ మొదలవుతుంది, చూసేవారికి అది సిగ్నల్ పోయినట్టే ఉంటుంది. ఖాళీ ఛానెల్లో ఒక కెపాసిటరు గుచ్చితే కొన్నిసార్లు సరిపోతుంది, లేకపోతే బలమైన బీఈసీ కావాలి. రెండో కారణం యాంటెన్నా. రిసీవరు నుంచి వచ్చే వైరు చివర తొడుగు లేని భాగం సుమారు 31 మిల్లీమీటర్లు ఉంటుంది. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవులో నాలుగో వంతు అది. దాన్ని కత్తిరించకూడదు, మడవకూడదు, కార్బన్ ఫైబరు పలకకో మోటారు వైర్లకో ఆనించి టేపు వేయకూడదు, ప్లాస్టిక్ గొట్టంలో నిలువుగా నిలబెట్టాలి. ఈ రెండూ చూశాకే రిమోట్ అనుమానించాలి; చూడకుండా కొత్త రిమోట్ అడిగితే మేమే ముందు కారు తెమ్మంటున్నాము.

ఫెయిల్‌సేఫ్ లేని సెట్టును మా దుకాణం నుంచి గ్యాసు కారుకు ఇవ్వము. సంకేతం తెగినప్పుడు వేగాన్ని నియంత్రించే థ్రాటిల్ సర్వో ఉన్నచోటే ఉండిపోతే కారు పూర్తి వేగంతో మనుషుల మీదికి పోవచ్చు. సంకేతం తెగగానే బ్రేకు పడేలా రిమోట్‌లో అమర్చుకోవాలి. అమర్చాక చక్రాలను నేలకు తాకకుండా ఎత్తిపెట్టి, రిమోట్ ఆపి చూడాలి. రిసీవరు బ్యాటరీయే అయిపోతే ఫెయిల్‌సేఫ్ కూడా పనిచేయదు కాబట్టి కార్బ్యురేటరుకు వెనక్కి లాగే స్ప్రింగు ఉండి తీరాలి.

గైరో గురించి ఒక మాట. జీటీ5తో వచ్చే బీఎస్6 రిసీవరులో గైరో ఉంది, రేడియోలింక్‌లో కూడా అటువంటి రిసీవర్లు ఉన్నాయి. కారు వెనుకభాగం జారినప్పుడు స్టీరింగ్‌ను అదే సరిచేస్తుంది కాబట్టి ప్రకాశం బ్యారేజీ దిగువన ఇసుక మీద సరదాగా నడిపేవారికి హాయిగా ఉంటుంది. అంతర్జాతీయ సంఘాల నిబంధనల ప్రకారం సాగే పోటీల్లో మాత్రం దానికి అనుమతి లేదు, నేర్చుకునే దశలో అది చేతికి తప్పుడు అలవాటు కూడా నేర్పుతుంది. పోటీ మీద ఆశ ఉన్నవారు మొదటి నుంచే ఆపేసి నడపడం మంచిదని నా అభిప్రాయం.

కానూరు, వడ్డేశ్వరం, చౌడవరం వైపు ఇంజనీరింగ్ విద్యార్థులు కళాశాల ఉత్సవాల్లోని రేసుల కోసం వస్తుంటారు. డ్రోనుకో రోబోకో కొన్న ఎఫ్‌ఎస్-ఐ6 వంటి రెండు కర్రల రిమోట్ మీ దగ్గర ఉంటే, ఒక్క రేసు కోసం కొత్తది కొనవద్దు. కర్రలతో కార్లు నడిపి గెలిచేవారు ప్రపంచమంతటా ఉన్నారు. థ్రాటిల్ కర్ర మధ్యకు తిరిగి వచ్చేలా స్ప్రింగు అమర్చుకుంటే చాలు, ఆ పని మేము చేసి ఇస్తాము.

ధరలు, సరఫరా విషయానికి వస్తే, 2.4 నుంచి 2.4835 గిగాహెర్ట్జ్ వరకు తక్కువ శక్తి పరికరాలకు 2005 నుంచి మన దేశంలో లైసెన్సు అక్కర్లేదు. కాని విదేశం నుంచి తెచ్చే వైర్‌లెస్ పరికరానికి కేంద్ర ప్రభుత్వ వైర్‌లెస్ విభాగమైన డబ్ల్యూపీసీ వారి ఈటీఏ ఆమోదం ఉండాలి, లేని సరుకు కస్టమ్స్‌లో ఆగిపోతుంది. అందుకే పెద్ద సెట్లకు ముందుగా సగం సొమ్ము తీసుకుంటాము, వచ్చే తేదీకి హామీ ఇవ్వలేము. అనుకున్న గడువులో రాకపోతే ఆ సొమ్ము కోత లేకుండా తిరిగి ఇస్తాము. వారంటీ విషయంలో కూడా స్పష్టంగా ఉండాలి: జపాన్ సెట్లకు కంపెనీ సర్వీసు ఇక్కడ మా ద్వారా దొరకదు; ఇచ్చేటప్పుడు బల్ల మీద అన్ని ఛానెళ్లు పరీక్షించి చూపించడం, చక్రం, ట్రిగ్గర్ భాగాలు శుభ్రం చేయడం వంటివే మేము చేయగలం.

మా దగ్గర కొన్న సెట్టుకు రెండో రిసీవరు బైండ్ చేయడానికి, ఎండ్‌పాయింట్లు (సర్వో ఎంతవరకు తిరగాలన్న హద్దులు) సరిచేయడానికి రుసుము లేదు. సాయంత్రం రద్దీ వేళ కాకుండా ఉదయం పూట కారు, రిమోట్, ఛార్జి చేసిన బ్యాటరీ మూడూ కలిపి తెస్తే పని తొందరగా అవుతుంది. ఫోనులో సలహా అడిగేవారు మీ సర్వో, రిసీవరుల మీద ఉన్న మోడల్ సంఖ్యలను ఫోటో తీసి పంపితే సరిపోతుంది.