చంద్రుణ్ణి పెట్టొద్దు పాపా

జమ్మలమడుగు

చిరంజీవి పాపకు,

నాయన ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. నువ్వు అడిగింది ఫోన్‌లో నాలుగు ముక్కలు కొట్టి పంపితే తెగే విషయం కాదు, అందుకే కాగితం తీసుకున్నాను.

ఎగ్జిబిషన్ వాళ్లు, రూపాలేవీ లేకుండా నువ్వు వేసిన రాత్రి ఆకాశం బొమ్మ చూసి, పైన చంద్రుణ్ణి, కింద మిద్దె మీద కూర్చున్న ఒక ముసలామెను పెడితే జనానికి అర్థమవుతుంది, అమ్ముడు కూడా పోతుంది అన్నారని రాశావు. ఏం చేయమంటావు నాయనా అని అడిగావు. నా మాట వింటే, పెట్టొద్దు.

నేను బోర్డులు రాసి బతికినవాణ్ణి. బస్సులో పోయే మనిషికి కిటికీలోంచి ఒక్క చూపులో షాపు పేరు తెలియాలి. పసుపు మీద నలుపు వేసినా, ఎరుపు మీద తెలుపు వేసినా, అక్షరం చుట్టూ అంచు గీసినా అంతా ఆ ఒక్క చూపు కోసమే. ఆ పనంటే నాకు గౌరవం, మన ఇల్లు దాని మీదే గడిచింది. నీ బొమ్మకు ఆ తొందర లేదు. దాని ముందు మనిషి ఆగాలి, కాసేపు నిలబడాలి.

ఎండాకాలం సెలవుల్లో నువ్వు దాన్ని మొదలుపెట్టినప్పుడు నేను పక్కనే ఉన్నాను కదా. గెస్సో అనే తెల్ల పూత పూసిన కాన్వాస్ మీద జేజి పాత నూలు చీర చింపి, జిగురులాంటి జెల్ మీడియంతో అంటించావు. ముడతలు సాపు చేద్దామని నేను చేయి పెట్టబోతే వద్దన్నావు. పెన్న ఇసుక జల్లెడ పట్టి, మోడలింగ్ పేస్టు అనే చిక్కటి ముద్దలో కలిపి నైఫ్‌తో లాగావు. ఆ తర్వాతే రంగు. ట్యూబులో నలుపు ఉన్నా ముట్టుకోలేదు, అల్ట్రామెరైన్ నీలంలో బర్న్ట్ అంబర్ కలిపి నలుపు తయారు చేసుకున్నావు. ఇన్నేళ్లు రంగులు కలిపిన చేతితో చెప్తున్నాను, ఆ నలుపు చాలా మంచి నలుపు. ట్యూబు నలుపు చూపుకు గోడలా అడ్డం నిలబడుతుంది. నీదాంట్లోకి చూపు దిగుతుంది, దిగేకొద్దీ ఒకచోట నీలం, ఒకచోట మట్టి రంగు తగులుతాయి.

నాకు అన్నిటికంటే నచ్చింది కుడివైపు కింది మూల. అక్కడ చీర అంచు దారాలు కొన్ని పైకి లేచి ఉన్నాయి. పొడి కుంచెతో తెల్లరంగు తేలిగ్గా రాసేసరికి, రంగు దారాల నెత్తిన మాత్రం పట్టి, సందుల్లో చీకటి అట్లే ఉండిపోయింది. దూరం నుంచి చూస్తే పాలపుంత. దగ్గరికి పోతే మా అమ్మ చీర. ఆమె పోయినప్పుడు నువ్వు నలుగురి ముందు ఏడవలేదు, చుట్టాలు ఏదో అనుకున్నారు కూడా. ఆ మూల చూసినాక నీ లోపల ఏం జరిగిందో నాకు తెలిసింది. నిన్ను ఒక్క మాట కూడా అడగాల్సిన పని లేకపోయింది.

జేజి చలికాలంలో మిద్దె మీద మనకు ఆకాశంలో పిల్లలకోడిని, అదే కృత్తిక చుక్కల గుంపును చూపించేది, గుర్తుందా? కోడిపిల్లలు ఎన్నో లెక్కపెట్టమనేది. సూటిగా చూస్తే కొన్ని మాయమయ్యేవి. ‘దాన్నే చూడొద్దు, కొంచెం పక్కకు చూడు’ అనేది. అది వట్టి ముసలిమాట కాదు పాపా. మన కంటి నడిమధ్య ఉండే కణాలు మంచి వెలుతురులో రంగును బాగా పట్టుకుంటాయి, మసక వెలుగును పట్టే కణాలు దాని చుట్టూ ఉంటాయి. అందుకే సన్నటి చుక్క పక్కచూపుకే దొరుకుతుంది. పైగా కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే 20, 30 నిమిషాలు పడుతుంది. నీ బొమ్మలో జేజి ఉన్నది అట్లాగే. ముసలామెను తెచ్చి ఎదురుగా కూర్చోబెడితే, చూసేవాళ్లు ‘ఓహో, నానమ్మ’ అనుకుని పక్క బొమ్మకు పోతారు. ఇక ఆ మూల దారాలను ఎవరు చూస్తారు?

చంద్రుడు, చుక్కలు ఉన్నదున్నట్టు వేస్తేనే ఆకాశం అవుతుందని నేను ఒప్పుకోను. మనం ఒకే రాత్రి చూసే వెలుగు ఒకే కాలానిది కాదు. ఎండాకాలంలో నడినెత్తికి వచ్చే స్వాతి చుక్క వెలుగు బయల్దేరి దాదాపు 37 ఏళ్లయింది. ఎర్రగా మెరిసే జ్యేష్ఠ చుక్కది 500 ఏళ్ల పైమాటే, అంటే ఇంచుమించు గండికోటను పెమ్మసానివాళ్లు ఏలిన నాటిది. రెండూ ఒకేసారి ఒకే నలుపు మీద కనిపిస్తాయి. చీర మీద ఇసుక, ఇసుక మీద రంగు, రంగు మీద మళ్లీ గీరిన గీతలు, ఇట్లా పొరలు పొరలుగా నువ్వు కట్టిందే నాకు అసలు ఆకాశానికి దగ్గరగా ఉంది.

నువ్వు ఇంట్లో వదిలిపోయిన పుస్తకాల్లో డచ్ చిత్రకారుడు వాన్ గో గురించి చదివాను. 1889 జూన్‌లో, మనసు బాగాలేక ఫ్రాన్స్‌లోని సెయింట్ రెమీ మానసిక చికిత్సాలయంలో ఉన్నప్పుడు ఆ చుక్కల రాత్రి బొమ్మ వేశాడు. తెల్లవారకముందు కిటికీలోంచి చూసిన వేగుచుక్క అందులో ఉంది. కిటికీకి ఉన్న ఇనుప ఊచలు లేవు. ఆ కిటికీలోంచి కనిపించని ఊరు మాత్రం ఉంది. పగటిపూట, వేరే గదిలో కూర్చుని, మనసులో నిలిచినదాన్ని బట్టి వేశాడు. ఏది ఉండాలో, ఏది అక్కర్లేదో ఆయనే తేల్చుకున్నాడు. మన దేశపు చిత్రకారుడు గాయ్‌తోండే అయితే రోలరు, నైఫ్‌తో రంగు పరుస్తూ, గీకుతూ నిదానంగా పనిచేసేవాడు, చాలా బొమ్మలకు పేరే పెట్టలేదు. నీకే ఒకరోజు అక్కడ చంద్రుడు కావాలనిపిస్తే పెట్టు, నేను అడ్డం చెప్పను. ఎవరో అడిగారని మాత్రం పెట్టొద్దు. అమ్ముడుపోకపోతే ఇంటికి తీసుకురా, నడిమింట్లో గోడ ఖాళీగానే ఉంది.

పని సంగతులు కొన్ని. ఇసుక బరువుకు కాన్వాస్ మధ్యలో వాలుతుంది, ఫ్రేముకు వెనక అడ్డపట్టె వేయించు. చుట్ట చుట్టొద్దు, పేస్టు పగులుతుంది. వార్నిష్‌కు తొందరపడకు, మందం ఉన్నచోట లోపలి తడి పోవడానికి వారాలు పడుతుంది. ప్యాక్ చేసేటప్పుడు ముందు బటర్ పేపర్, దాని మీద బబుల్ షీటు, బుడగలు బయటికి ఉండాలి. లోపలికి పెడితే అక్రిలిక్ మీద వాటి అచ్చు పడుతుంది.

ఇంకొకటి, ఇది తప్పకుండా అడుగు. లైటు ఎదురుగా పెట్టనీయొద్దు, పక్క నుంచి పడేట్టు చూడమను. ఎదురు లైటుకు దారాలు, ఇసుక అన్నీ ఒక్కటైపోతాయి. మీ అమ్మ, నేను మొదటిరోజు పొద్దున్నే దిగుతాం. నిచ్చెన ఉంటే ఆ లైటు నేనే సరిచేస్తాను.

ఇట్లు,
మీ నాయన