చలికాలంలో పిల్లలతో, పెద్దవాళ్లతో యూరప్ వెళ్లేవారి కోసం

సంపాదకులకు నమస్కారం.

మీ పర్యాటక పేజీలో చలికాలపు యూరప్ మీద వస్తున్న వ్యాసాలు మా ఇంట్లో అందరం చదువుతాం. ఫొటోలు చాలా బాగుంటాయి. కానీ డిసెంబరులో పారిస్‌లో ఎన్నింటికి తెల్లవారుతుంది, ఎన్నింటికి పొద్దుగూకుతుంది అన్నది ఒక్క వ్యాసంలోనూ కనబడలేదు. చిన్నపిల్లల్నీ, మోకాళ్ల నొప్పులున్న అత్తగారినీ వెంటబెట్టుకుని బయల్దేరే కుటుంబానికి అన్నిటికంటే ముందు తెలియాల్సింది అదే. పోయిన చలికాలం మేం ఫ్రాన్స్, స్విట్జర్లాండ్, జర్మనీ తిరిగొచ్చాం కాబట్టి, వెళ్లబోయేవాళ్లకు పనికొస్తాయనిపించిన సంగతులు రాస్తున్నాను.

డిసెంబరు ఆఖర్లో పారిస్‌లో సూర్యుడు రావడానికి దాదాపు ఎనిమిదీ నలభై అవుతుంది, సాయంత్రం ఐదింటి ప్రాంతంలోనే వెళ్లిపోతాడు. బెర్లిన్‌లో నాలుగింటికే చీకటి మొదలు, ఇంకా పైకి ఫిన్లాండ్‌లోని హెల్సింకీ వెళ్తే మూడుంపావుకే సూర్యాస్తమయం. అంటే పారిస్‌లో మన చేతికొచ్చే వెలుతురు ఎనిమిది గంటలకు కాస్త ఎక్కువ, అందులో టిఫిన్, స్నానాలు, పిల్లలకి కోట్లు, గ్లౌజులు, టోపీలు తొడగడం, తీరా గుమ్మం దాటాక ఒకడికి బాత్రూం రావడం, ఇవన్నీ పోను మిగిలేది ఎంతో లెక్కేసుకోండి. అందుకని రోజుకి బయట చూసే పెద్ద చోటు ఒక్కటే పెట్టుకోవడం మంచిది, అది కూడా మధ్యాహ్నం లోపు. చీకటి పడ్డాక మ్యూజియం లాంటివి పెట్టుకోవచ్చు. లూవ్ర్ బుధ, శుక్రవారాల్లో రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంటుంది, మంగళవారం సెలవు. ఓర్సే మ్యూజియానికి సోమవారం సెలవు. ఈ రెండు ముక్కలు తెలిస్తే పారిస్ ప్లాన్ సగం కుదిరినట్టే. 'పది రోజుల్లో ఏడు దేశాలు' అనే ప్యాకేజీలు వేసవిలో ఎలా ఉంటాయో గానీ చలికాలంలో మాత్రం పిల్లలకూ పెద్దవాళ్లకూ వద్దనే చెబుతాను, సగం దేశాలు బస్సు అద్దంలోంచి చీకట్లోనే దాటిపోతాయి.

ఇంకో సంగతి, శీతాకాలంలో అక్కడి టైము మనకంటే నాలుగున్నర గంటలు వెనక. మొదటి రోజుల్లో పిల్లలు తెల్లవారుజామున నాలుగింటికే లేచి ఆకలి అంటారు. బయట ఏ దుకాణమూ తెరవదు. గదిలో పాలు, బ్రెడ్డు, పళ్లు ముందు రోజే తెచ్చిపెట్టుకోవాలి. వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుంటే ఇంకా సుఖం, బియ్యం, పెరుగు ఏ సూపర్‌మార్కెట్లోనైనా దొరుకుతాయి. పైగా ఫ్రాన్స్‌లో చాలా రెస్టారెంట్లు మధ్యాహ్నం రెండు, రెండున్నర తర్వాత వంటగది మూసేసి మళ్లీ రాత్రి ఏడింటికి గానీ తెరవవు, మూడింటికి ఆకలేసిన పిల్లవాడికి ఆ మాట చెప్పి ఒప్పించలేం కదా.

బట్టల గురించి కాస్త వివరంగా రాయాలి. అందరూ కొనేది పెద్ద లావుపాటి కోటు, దాని కింద మామూలు కాటన్ బట్టలు. ఇది సరిపోదు. అక్కడ దుకాణాల్లో, రైళ్లలో, మ్యూజియాల్లో హీటర్లు గట్టిగా వేస్తారు, లోపలికెళ్తే చెమట, బయటికొస్తే ఆ చెమట తడికే చలి. కాటన్ ఆ తడిని పట్టేసుకుని ఒంటికి అంటుకుని ఉంటుంది. ఒంటికి ఆనుకుని థర్మల్ (చలి ఆపే లోపలి బట్ట), దాని మీద ఫ్లీస్ (మెత్తటి సింథటిక్ బట్ట) గానీ పల్చటి ఉన్ని స్వెటర్ గానీ, పైన గాలి, వాన చొరబడని జాకెట్, ఇలా మూడు పొరలుగా వేస్తే లోపలికెళ్లినప్పుడు ఒక్కొక్కటీ తీసేయొచ్చు. మా అత్తగారు చీర మానలేదు, చీర కింద థర్మల్ లెగ్గింగ్స్, ఉన్ని మేజోళ్లు, బూట్లు వేసుకుని హాయిగా తిరిగారు. ఆ వయసు వాళ్లకి ప్యాంటు వేసుకోమని బలవంతం చేయక్కర్లేదు. బూట్ల మీద మాత్రం డబ్బు మిగుల్చుకోవద్దు. పారిస్‌లో మంచు పడేది తక్కువ, వాన, తడి ఎక్కువ, పాదం ఒకసారి తడిస్తే ఆ రోజు ప్రయాణం అక్కడితో సరి. అడుగున పట్టు ఉండి నీళ్లు లోపలికి రానివి, మందపాటి మేజోళ్లు వేసినా ఇరుకవనివి కొనండి. చలికి ఫోన్ బ్యాటరీ కూడా త్వరగా పడిపోతుంది, కాబట్టి ఫోన్ లోపలి జేబులో పెట్టుకుని, టికెట్లు కాగితం మీద కూడా ఉంచుకోండి.

స్విట్జర్లాండ్‌లో యుంగ్‌ఫ్రావ్‌యోక్ ఎక్కాలని అందరికీ ఉంటుంది. అది 3,454 మీటర్ల ఎత్తున ఆల్ప్స్ కొండల్లో ఉన్న చోటు, రైలు నేరుగా అక్కడికి తీసుకెళ్తుంది, శరీరం అలవాటుపడే టైము ఉండదు. గుండె జబ్బు, ఆయాసం ఉన్న పెద్దవాళ్లు డాక్టర్‌ని అడిగాకే వెళ్లాలి. టికెట్ ఖరీదు కూడా ఎక్కువే, అందుకే పొద్దున్నే పైన పెట్టిన కెమెరాల్లో దృశ్యం ఇంటర్నెట్‌లో చూసి అప్పుడు కొనడం మేలు. కింద ఊళ్లో పొగమంచు కమ్మిందని నిరాశపడొద్దు, చలికాలంలో కింద మబ్బు, పైన మంచి ఎండ ఉండటం అక్కడ మామూలే.

పండగ సెలవుల సంగతి. జర్మనీలో డిసెంబరు 24 మధ్యాహ్నం రెండింటికల్లా దుకాణాలు కట్టేస్తారు, 25, 26 పూర్తి సెలవు, ఆదివారాలు ఎలాగూ మూతే. 2026లో 25 శుక్రవారం వస్తుంది, అంటే వరసగా మూడు రోజులు. పెద్ద రైల్వే స్టేషన్లలో కొన్ని దుకాణాలు తెరిచి ఉంటాయి గానీ పిల్లల పాలు, మందులు వాటి మీద ఆధారపడి వదిలేయకూడదు. ఇక క్రిస్మస్ మార్కెట్లు చూడాలని డిసెంబరు 26న దిగేవాళ్లకి నిరాశే, న్యూరెంబర్గ్‌ది 24తో అయిపోతుంది, జర్మనీలో చాలా ఊళ్లలో అంతే. సంక్రాంతి సెలవులకి వెళ్తే అసలు ఉండవు. ఆస్ట్రియా రాజధాని వియన్నాలో షోన్‌బ్రున్ రాజభవనం ముందు పెట్టే మార్కెట్ మాత్రం కొత్త సంవత్సరం దాటాక కూడా కొన్ని రోజులు ఉంటుంది.

పారిస్ మెట్రో గురించి పెద్దవాళ్లున్న ఇళ్లలో తప్పక తెలియాలి. అన్ని స్టేషన్లలోనూ లిఫ్టులున్న పాత లైను లేదు, పూర్తిగా ఉన్నది 14వ నంబరు లైనుకే, అది 2024 నుంచి ఓర్లీ ఎయిర్‌పోర్టు దాకా వెళ్తోంది. మిగతాచోట్ల మెట్లు, మళ్లీ మెట్లు. సిటీ బస్సులైతే నేల మట్టంగా ఉంటాయి, ఊరు కూడా కనబడుతుంది. నెమ్మదే, అయినా బస్సే నయం.

వీసా మాట క్లుప్తంగా: షెంగెన్ (ఫ్రాన్స్, జర్మనీ, స్విట్జర్లాండ్ లాంటి చాలా యూరప్ దేశాలకి కలిపి ఒకే వీసా) ఫీజు పెద్దవాళ్లకి 90 యూరోలు, ఆరు నుంచి పదకొండేళ్ల పిల్లలకి 45, ఆరేళ్ల లోపు ఉచితం. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, ఎక్కువ రోజులుండే దేశానికి చేయాలి, ప్రయాణంలో వైద్య ఖర్చులకి ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి.

చివరగా, మంచు వల్ల విమానాలు ఆగిపోవడం. తిరుగు ప్రయాణంలో మాకూ ఆగింది, కౌంటర్లో ఎవరూ ఏమీ చెప్పలేదు, పక్కనున్న ప్రయాణికుడు చెబితే తెలిసింది. యూరోపియన్ యూనియన్ ఎయిర్‌పోర్టు నుంచి ఎగిరే విమానం, ఏ దేశపు కంపెనీదైనా సరే, విమాన ప్రయాణికుల హక్కుల కోసం యూనియన్ చేసిన 261 నంబరు చట్టం కిందికి వస్తుంది. వాతావరణం బాగోక రద్దయితే డబ్బు పరిహారం రాదు, కానీ వేచి ఉన్నంతసేపూ తిండి, రాత్రి ఆగాల్సివస్తే హోటల్ కంపెనీయే ఇవ్వాలి. ఇవ్వకపోతే మనం పెట్టుకున్న ఖర్చుల రసీదులు దాచి తర్వాత అడగొచ్చు. పసిపిల్లల్ని నేల మీద పడుకోబెట్టుకుని కూర్చున్న తల్లులకి ఆ రాత్రి ఎవరో ఒకరు ఈ మాట చెప్పి ఉండాల్సింది.

మీకు నా విన్నపం ఇదీ. ప్రతి విదేశీ ప్రయాణ వ్యాసం పక్కన చిన్న గడి కట్టి, ఆ నెలలో సూర్యోదయ సూర్యాస్తమయాలు, చూడబోయే చోట్ల వారపు సెలవులు, మెట్లున్నాయా లిఫ్టుందా అన్నది, అత్యవసరానికి యూనియన్ అంతటా పనిచేసే 112 నంబరు వేయండి. సంక్రాంతికి వెళ్లాలనుకునేవాళ్లు జూలై నుంచే వీసా అపాయింట్‌మెంట్ల కోసం వెతుకుతారు, కాబట్టి ఆ గడి అప్పటికే మొదలైతే బాగుంటుంది.

ఇట్లు,
మీ పాఠకురాలు