రెడ్ కార్డు మేము చూపిస్తున్నాం, శిక్ష ఎవరు వేస్తున్నారో మీరు చెప్పండి
(రాష్ట్ర క్రీడా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ)

గౌరవనీయులైన మంత్రి గారికి,

అనంతపురం జిల్లాలో పిల్లల ఫుట్‌బాల్ మ్యాచ్‌లు ఆడించే ఒక రిఫరీ నమస్కరించి రాస్తున్నది.

పిల్లల ఆటల్లో శిక్షలు వేసే తీరు మీద ఇదివరకు అర్జీలు పెట్టుకున్నాను. సోమవారం అర్జీల్లో ఇచ్చిన దానికి 'మీ సమస్య పరిష్కరించబడింది' అని ఫోనుకు సందేశం కూడా వచ్చింది. ఎవరు పరిష్కరించారో తెలిస్తే ఆ పుణ్యాత్ముడికి ఒక దండం పెట్టుకుందామని తిరిగాను. దొరకలేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

అకాడమీల గురించీ, హాస్టల్ సీట్ల గురించీ మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ ఫైళ్లన్నీ మీ బల్ల మీదికి వచ్చేవే. ఫైల్లో లేనిది ఒకటుంది. పదమూడేళ్ల పిల్లవాడికి మైదానంలో రెడ్ కార్డు చూపించాక, ఆ తర్వాత ఏం జరుగుతుందన్నది.

ఏ తప్పుకు ఏ కార్డో ఆట నియమాల్లో పన్నెండోది వివరంగా చెబుతుంది. రిఫరీ నిర్ణయాన్ని మాటతోనో చేష్టతోనో ధిక్కరిస్తే ఎల్లో, అంటే హెచ్చరిక. బూతు తిట్టినా, ఉమ్మినా, కొట్టినా రెడ్, అంటే మైదానం వదిలి వెళ్లాలి. కార్డు చూపించి, జరిగింది జరిగినట్టు నివేదిక రాసి ఇవ్వడంతో మా పని అయిపోతుంది. రెడ్ కార్డు పడినవాడు తర్వాతి మ్యాచ్ ఆడకూడదన్నది అంతటా ఉన్న పద్ధతి. అంతకుమించి ఎన్ని మ్యాచ్‌లు ఆపాలో తేల్చవలసింది క్రమశిక్షణ కమిటీ. మా పిల్లల టోర్నమెంట్లలో ఆ కమిటీ లేదని అనను, కరపత్రంలో ఉంటుంది. అతిథుల పేర్లకు కింద, భోజనాల కమిటీకి పైన. కూర్చోగా మాత్రం నేను చూడలేదు.

కమిటీ కూర్చోని చోట శిక్ష ఫోనులో తేలుతుంది. ఫోను చేయించగలిగినవాడికి పడదు. చేయించలేనివాడికి పడేది శిక్ష కాదు, పిడుగు.

పోయిన వేసవిలో ఒకే టోర్నమెంట్‌లో రెండూ చూశాను. అండర్-14 పిల్లలు. ఒక టీమ్ డిఫెండరు, బంతి ఎక్కడో ఉండగా, అవతలి పిల్లవాడి పిక్కల మీద వెనకనుంచి తన్నాడు. రెడ్ కార్డు. మర్నాడు పొద్దున సెమీఫైనల్‌కు ఆటగాళ్ల జాబితా తెచ్చి ఇస్తే అందులో ఆ అబ్బాయి పేరుంది. ఇదేమిటని అడిగాను. "పెద్దవాళ్లు మాట్లాడుకున్నారు సార్, మీరు ఆట ఆడించండి చాలు" అన్నారు. దెబ్బ తిన్న పిల్లవాడు కాలికి గుడ్డ కట్టుకుని గోడ పక్కన కూర్చుని ఆ సెమీఫైనల్ చూశాడు.

రెండోవాడు ఉరవకొండ వైపు పల్లె నుంచి వచ్చిన హాస్టల్ పిల్లవాడు. గోల్ కొట్టాననుకుని చేతులు పైకెత్తేసరికి లైన్స్‌మన్ ఆఫ్‌సైడ్ జెండా ఎత్తాడు. పిల్లవాడి నోటినుంచి ఒక మాట వచ్చింది. ఇక్కడ రాయలేని మాట. నియమం ప్రకారం రెడ్ కార్డు చూపించాను, రెండు వాక్యాల నివేదిక ఇచ్చాను. ఒక మ్యాచ్‌తో, మహా అయితే రెండు మ్యాచ్‌లతో పోవలసిన తప్పు. వాడికి ఏడాది నిషేధం వేశారు. అంతటితో ఆగలేదు, 'క్రమశిక్షణ లేనివాడు' అని హాస్టల్ నుంచి కూడా పంపేశారు. పిల్లవాడిని ఒక్కమాట అడిగినవారు లేరు. నన్ను కూడా అడగలేదు. కాగితం మీద సంతకం ఎవరిదో ఇప్పటికీ చదవలేకపోతున్నాను.

వాళ్ల నాన్న వేరుశనగ చేలల్లో కూలి చేసుకునే మనిషి. ట్రంకుపెట్టె తీసుకుపోవడానికి వచ్చి, గేటు దగ్గర నన్ను ఆపి, "ఏం తిట్టాడు సార్ మావాడు?" అని అడిగాడు. చెప్పడానికి నోరు రాలేదు. ఆ మాట వాడి సొంతం కాదు మంత్రి గారూ. మొదటి విజిల్ నుంచీ బెంచీ దగ్గర నిలబడి వాళ్ల కోచ్ నా మీదికి విసురుతున్న మాటే అది. అక్షరం పొల్లుపోకుండా అదే.

కోచ్‌లకు కూడా కార్డులు చూపించవచ్చని 2019లో నియమం వచ్చింది. బెంచీ వైపు నుంచి ఎవరు తిట్టారో తేలకపోతే అక్కడున్న పెద్ద కోచ్‌కే కార్డు చూపాలని కూడా అందులో ఉంది. ఆ రోజు ఆ కోచ్‌కు ఎల్లో కార్డు చూపించాను, నివేదికలోనూ రాశాను. పిల్లవాడి గురించి రాసిన రెండు వాక్యాలు ఎంత బాగా చదివారో చూశారు కదా, దాని కింది వాక్యం ఎవరి కంటికీ ఆనలేదు. ముగింపు రోజున ఆయనకు శాలువా కప్పారు.

ఆటలో కార్డులు వచ్చింది 1970లో, మెక్సికో ప్రపంచకప్‌లో. ఏ భాషవాడికైనా రిఫరీ నిర్ణయం అర్థం కావాలని పెట్టారు. మా దగ్గర పిల్లలకు అర్థమవుతోంది. కార్డు చూడగానే తలవంచుకుని బయటికి నడుస్తారు. అర్థం కానిది వేదిక మీదివాళ్లకే.

అన్నట్టు, వేదిక మాట వచ్చింది కాబట్టి. అనంతపురం ఏప్రిల్ ఎండ మీకు తెలియనిది కాదు, నలభై డిగ్రీలు దాటుతుంది. ముఖ్య అతిథి కోసం పిల్లలను వరుసల్లో నిలబెడతారు. ఆయన వచ్చి, జెండా ఎగరేసి, క్రమశిక్షణ మీద ఉపన్యాసం ఇచ్చి వెళ్లేసరికి పదకొండు. అప్పుడు మ్యాచ్ మొదలు. ఎండ ఎక్కువైతే తొంభై సెకన్ల నుంచి మూడు నిమిషాల దాకా ఆట ఆపి పిల్లలను చల్లబడనివ్వవచ్చని నియమాలే చెబుతున్నాయి. ఆపితే నిర్వాహకులు గడియారం చూపిస్తారు. ఉపన్యాసానికి లేని గడియారం నీళ్లకు వచ్చేస్తుంది! ఆ ఎండలో పిల్లవాడి నోరు జారితే దానికి ఏడాది శిక్ష.

శిక్ష వద్దని నేను అనడం లేదు. తన్నినవాడు బయట కూర్చోవాలి. కానీ పిల్లల ఆటకు తగిన శిక్షలు నియమాల్లోనే ఉన్నాయి. ఎల్లో కార్డు పడిన పిల్లవాడిని కాసేపు బయట కూర్చోబెట్టి మళ్లీ ఆటలోకి పంపే పద్ధతికి 2017లోనే వీలు కల్పించారు, జాతీయ సంఘం ఒప్పుకుంటే చాలు. మ్యాచ్ సమయంలో పది నుంచి పదిహేను శాతం, అంటే గంట ఆటలో ఆరు నుంచి తొమ్మిది నిమిషాలు. కోపం దిగడానికి అది సరిపోతుంది. ఒక సమావేశంలో ఈ మాట ఎత్తితే "విదేశీ రూల్సు మనకెందుకు" అన్నారు, ఫుట్‌బాల్ ఏదో మన బళ్లారి రోడ్డు మీద పుట్టినట్టు.

మీ ప్రభుత్వం కొత్త క్రీడా విధానంలో ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారుల కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచింది. సంతోషం. అయితే ఆ రోజు నుంచి ప్రతి సర్టిఫికెట్ విలువా పెరిగిందనీ, దానితోపాటు మా మీద ఒత్తిడీ పెరిగిందనీ ఎవరైనా మీకు చెప్పారా? అండర్-14 మ్యాచ్‌కు మీసాలు దిద్దుకుని వస్తున్నారు. పుట్టిన తేదీ అడిగితే రిఫరీకి పొగరంటారు. మ్యాచ్ అయ్యాక చుట్టుముట్టడాలూ, బండి గాలి తీయడాలూ రాయను, వాటికి అలవాటు పడిపోయాం.

అడిగేది పెద్దదేమీ కాదు. ప్రతి టోర్నమెంట్‌కూ, ఏ టీమ్‌కూ చెందని ముగ్గురితో క్రమశిక్షణ కమిటీ ఉండాలి. కరపత్రంలో కాదు, కుర్చీల్లో. పిల్లవాడి మాట, రిఫరీ మాట విన్నాకే శిక్ష వేయాలి. ఆ శిక్ష మ్యాచ్‌ల లెక్కలో ఉండాలి, ఏళ్ల లెక్కలో కాదు. మైదానంలో తప్పుకు హాస్టల్లో అన్నం తీసేయకూడదు. దయచేసి ఈ ఒక్కటైనా రాతపూర్వకంగా ఆదేశించండి. పిల్లవాడిని శిక్షించిన చోట కోచ్‌నూ విచారించాలి. ఫోనుల మీద తీర్పులు ఆపించండి. ఎలా ఆపిస్తారో నాకు తెలియదు, మీకు తెలుస్తుంది, ఆ ఫోనులు చేసేవాళ్లు మీకు తెలిసినవాళ్లే.

ఇవన్నీ కావడానికి సమయం పడుతుందంటే పట్టనివ్వండి. ఆ ఉరవకొండ పిల్లవాడి సంగతి మాత్రం ఆగదు. జూన్‌లో బడులు తెరుస్తారు. ఆలోపు వాడిని హాస్టల్లో చేర్చుకోమని ఒక్క ముక్క రాయించండి. నేనిచ్చిన నివేదిక నకలు నా దగ్గర ఉంది. కోచ్ గురించి రాసిన వాక్యంతో సహా. అడిగిన రోజే తెచ్చి ఇస్తాను.

ఇట్లు,
ఒక ఫుట్‌బాల్ రిఫరీ,
అనంతపురం