సబ్బుతో కడిగి చూస్తే చర్మతత్వం తెలియదు

సంపాదకులకు నమస్కారం.

పత్రికల అందం పేజీల్లో చిట్కాలు ఎక్కువగా ‘మీది జిడ్డు చర్మమైతే’, ‘పొడి చర్మమైతే’ అనే మొదలవుతాయి. ఆ ‘అయితే’ దగ్గరే చాలామంది తప్పటడుగు వేస్తున్నారు. తమది ఏ తత్వమో తేల్చుకునే పద్ధతి తెలియక, సబ్బుతో మొహం కడుక్కుని అద్దంలో చూసుకుని ఏదో ఒక పేరు పెట్టేసుకుంటున్నారు. ఆ తర్వాత కొనే ప్రతి ట్యూబూ ఆ తప్పు పేరును బట్టే కొంటారు. అందుకే ఈ ఉత్తరం.

చర్మం పైపొర స్వతహాగా కాస్త ఆమ్లగుణంతో ఉంటుంది. దాని పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత; 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) సుమారు 4.5 నుంచి 5.5. మామూలు ఒంటి సబ్బు పీహెచ్ 9, 10 దగ్గర ఉంటుంది. దాంతో కడిగితే జిడ్డు చర్మం ఉన్నవారికి కూడా మొహం కాసేపు బిగదీసినట్టే ఉంటుంది. దాన్ని పొడి చర్మం అనుకోకూడదు. బోరు నీళ్లు వాడే ఊళ్లలో ఇంకో చిక్కు ఉంది. ఉప్పు నీళ్లలోని కాల్షియం సబ్బుతో కలిసి తెట్టులా మారి చర్మానికి అంటుకుంటుంది, ఎంత కడిగినా పూర్తిగా పోదు. దురద, గరుకుదనం దానివల్ల కూడా రావచ్చు.

సరైన పరీక్షకు రెండు రోజుల ముందు నుంచే ప్యాకులు, స్క్రబ్బులు, నలుగు ఆపేయాలి. ఆ రోజు ‘సోప్ ఫ్రీ’ అని రాసి ఉన్న ఫేస్‌వాష్‌తో, గోరువెచ్చని నీళ్లతో మొహం కడిగి, తువ్వాలుతో రుద్దకుండా అద్దుకోవాలి. ఏమీ రాయకూడదు. పొయ్యి దగ్గర, ఏసీలో, ఫ్యాన్ గాలికి ఎదురుగా కాకుండా గంటసేపు ఉండాలి. అరగంటకు ఒకసారి, బుగ్గలు లాగుతున్నాయా అని గమనించాలి. గంట నిండాక పలుచని టిష్యూ ముక్కలు వేర్వేరుగా నుదురు, ముక్కు, గడ్డం, రెండు బుగ్గల మీద పది సెకన్లు అదిమి, వెలుతురుకు ఎదురుగా పట్టి చూడాలి. అన్నిటి మీదా నూనె మరక పడితే జిడ్డు చర్మం. నుదురు, ముక్కు, గడ్డం మీద పడి బుగ్గలవి తేటగా ఉంటే మిశ్రమ చర్మం. ఎక్కడా పడకపోగా లాగుడు, పొట్టు కనిపిస్తే పొడి చర్మం. మరక లేకపోయినా హాయిగానే ఉంటే సాధారణ చర్మం. ఈ పరీక్ష మే నెలలో ఒకసారి, డిసెంబరులో ఒకసారి చేసుకోవాలి. విశాఖ ఉక్కపోతలో వాడిన జెల్ ఆదిలాబాద్ చలికి సరిపోదు.

పైన జిడ్డు, లోపల లాగుడు రెండూ ఒకేసారి కనిపించేవారు చాలామంది ఉంటారు. వీరు తమది బాగా జిడ్డు చర్మమనుకుని రోజుకు నాలుగైదుసార్లు ఫేస్‌వాష్ వాడతారు. దాంతో పైపొర దెబ్బతిని తేమ నిలవదు, కానీ నూనె గ్రంథులు వాటి పని అవి చేస్తూనే ఉంటాయి. వీరు మూడు వారాలు అన్నీ మానేసి, రోజుకు రెండుసార్లు సున్నితమైన క్లెన్సర్, ఒక మాయిశ్చరైజర్, పగలు సన్‌స్క్రీన్, ఈ మూడే వాడి మళ్లీ పరీక్షించుకోవాలి.

ఇక ‘నాది సెన్సిటివ్ స్కిన్, ఏది రాసినా మండుతోంది’ అనే మాట. ఇలాంటివారు ముందు పాత ట్యూబుల వెనకవైపు చదవాలి. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అన్న పేర్లలో ఏది ఉన్నా అది స్టెరాయిడ్, అంటే వాపు, ఎరుపు తగ్గించే బలమైన మందు. మొదటి కొన్ని వారాలు మొహం తేటపడి, మచ్చలు తగ్గినట్టు కనిపిస్తుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, ఎర్రని సన్న నరాలు తేలి, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి. ఎండలోకి వెళితే మంట. మానగానే అన్నీ ఎక్కువై మళ్లీ అదే క్రీము రాసుకోవాల్సి వస్తుంది. 2018లో కేంద్రం ఇలాంటి 14 స్టెరాయిడ్ పూతమందులను చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్ పరిధిలోకి తెచ్చింది. అయినా తెల్లబడే క్రీమంటూ ఒకరి నుంచి ఒకరికి ఇవి చేరుతూనే ఉన్నాయి. వీటిని సొంతంగా కాకుండా చర్మవైద్యుల పర్యవేక్షణలోనే మానాలి. లేబులే లేని, తయారీదారు చిరునామా లేని తెల్లబడే క్రీముల్లో పాదరసం ఉండే ప్రమాదం ఉంది. అది చర్మంతో ఆగదు, మూత్రపిండాల దాకా వెళుతుంది.

కొనేటప్పుడు డబ్బా ముందుభాగం కంటే వెనకవైపు జాబితా ముఖ్యం. ఒక శాతం కంటే ఎక్కువున్న పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాయాలి. క్రీము పాడవకుండా కలిపే ఫినాక్సీఎథనాల్ అనే పదార్థానికి పరిమితి ఒక శాతమే. ప్రకటనలో గొప్పగా చెప్పిన కలబందో కుంకుమపువ్వో దాని తర్వాత కనిపిస్తే, ఉన్నది చిటికెడే. జిడ్డు చర్మానికి జెల్ రూపంలో, ‘నాన్ కమెడోజెనిక్’ (చర్మ రంధ్రాలను మూసేయనిది) అని ఉన్న మాయిశ్చరైజర్ చాలు. అసలు వద్దనుకోవడం తప్పు. నల్లమొనలకు (బ్లాక్‌హెడ్స్‌కు) సాలిసిలిక్ యాసిడ్ 2 శాతం లోపు, మొదట వారానికి రెండు మూడు రాత్రులే. ఎర్రని మొటిమలకు బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతంతో మొదలుపెడితే చాలు. శాతం పెంచితే మంటే ఎక్కువ. దిండు గలీబులు, తువ్వాళ్ల రంగు కూడా అది తినేస్తుంది. పొడి చర్మానికి గ్లిజరిన్, సెరమైడ్లు (చర్మం పైపొరలో సహజంగా ఉండే కొవ్వులు) ఉన్న చిక్కని క్రీమును, మొహం ఇంకా తడిగా ఉండగానే రాయాలి. మిశ్రమ చర్మానికి రెండు రకాలు కొననక్కర్లేదు, ఒకే పలుచని లోషన్ బుగ్గలకు రెండో పూతగా వేస్తే సరి. గర్భిణులు రెటినాల్ (విటమిన్ ఎ రూపం) ఉన్న క్రీముల జోలికి వెళ్లకూడదు.

కొత్తది ఏది కొన్నా మోచేతి మడతలో రూపాయి బిళ్లంత చోట రోజుకు రెండుసార్లు చొప్పున వారం రోజులు రాసి చూడాలి. ఒకేసారి మూడు మొదలుపెడితే దద్దురు దేనివల్ల వచ్చిందో తేల్చలేం. ఒక్కొక్కదానికీ మధ్య రెండు వారాల ఎడం ఉండాలి.

సన్‌స్క్రీన్ అందరికీ కావాలి, మంగు మచ్చలున్నవారికి మరీ ముఖ్యం. ఎస్‌పీఎఫ్ 30 ఎండలో చర్మాన్ని కమిలించే యూవీబీ కిరణాలను సుమారు 97 శాతం ఆపుతుంది. అయితే చూపుడు, మధ్య వేళ్ల పొడవునా రెండు గీతలంత తీసుకుని మొహానికి, మెడకు రాస్తేనే. శనగగింజంత రాసి పనిచేయలేదంటే లాభం లేదు. బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి.

వంటింటి చిట్కాలన్నీ చెడ్డవి కావు. కానీ నిమ్మరసం పీహెచ్ 2 దగ్గర ఉంటుంది. అది రాసుకుని ఎండలోకి వెళితే బొబ్బలెక్కి, ఆ మచ్చ నెలల తరబడి నల్లగా ఉండిపోవచ్చు. వంటసోడా క్షారం, చర్మపు ఆమ్లగుణానికి పడదు. మొటిమలున్న మొహానికి కొబ్బరినూనె పడదు, రంధ్రాలు మూసుకుపోతాయి.

మీ పత్రిక అందం పేజీకి నా విన్నపం రెండే. నిమ్మరసం, వంటసోడా ప్యాకులను ఇకపై అచ్చువేయకండి. ‘మీది జిడ్డు చర్మమైతే’ అని రాసిన ప్రతిసారీ పక్కన చిన్న పెట్టెలో ఆ గంట పరీక్ష కూడా వేయండి.

— ఒక చర్మవైద్యురాలు, హన్మకొండ