నర్సు జీతాన్ని ‘సేవ’ పేరుతో తగ్గించకండి

సంపాదకుల వారికి నమస్కారం.

నాకు ముప్ఫై ఆరేళ్ళు. చాలా ఏళ్ళుగా ఒక కంపెనీ అకౌంట్స్ విభాగంలో పనిచేస్తున్నాను. వచ్చే విద్యా సంవత్సరం ఈ ఉద్యోగం మానేసి నర్సింగ్‌లో చేరుతున్నాను. సంగతి తెలిసినవాళ్ళలో కొందరు ‘ఇప్పుడొచ్చే దాంట్లో సగం కూడా రాదు, ఎందుకొచ్చిన అవస్థ?’ అంటున్నారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. నా మంచి కోరే అంటున్నారు, లెక్క కూడా చాలావరకు నిజమే. ‘అది సేవ, జీతం చూసుకునేవాళ్ళు అటు పోకూడదు’ అనేవాళ్ళూ ఉన్నారు. ఈ ఉత్తరం వాళ్ళ మాట గురించే.

ముందు లెక్క సంగతి. అందరూ నా ఇప్పటి జీతాన్ని నర్సు మొదటి జీతంతో పోల్చి చూస్తున్నారు. నిజానికి పెద్ద నష్టం అక్కడ లేదు, చదివే ఏళ్ళలో ఉంది. అన్నాళ్ళూ ఆదాయం ఉండదు, ఫీజు కట్టాలి, ఇంటి అప్పు వాయిదాలు మాత్రం ఆగవు. చదువు పూర్తయ్యాక నా పాత అనుభవానికి విలువ సున్నా. ఇరవై రెండేళ్ళకు అదే జీతంతో మొదలుపెట్టే అమ్మాయికి పోయింది రాబట్టుకోవడానికి మూడు దశాబ్దాల పైన సర్వీసు ఉంటుంది. నాకు అంత సమయం ఉండదు. అందుకే ఒకే జీతం ఆమెకు ఒకలా, నాకు ఇంకోలా ఉంటుంది. నేను మొదటి నెల అంకె దగ్గర ఆగకుండా ఐదో ఏడు ఎంత, పదో ఏడు ఎంత, నైట్ డ్యూటీ అలవెన్సు ఉందా, ఐసీయూ, డయాలిసిస్ లాంటి చోట్ల అనుభవం వస్తే పెరుగుదల ఎలా ఉంటుంది అని అడిగి తెలుసుకున్నాను. వెళ్ళగలననే తేలింది. కానీ చేతిలో కొంత పొదుపు, ఇంట్లో ఇంకో సంపాదన ఉన్నాయి కాబట్టి తేలింది. అవి లేనివాళ్ళ సంగతేమిటి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదిక ప్రకారం 2023 నాటికి ప్రపంచంలో 2.98 కోట్ల మంది నర్సులున్నారు, ఇంకా 58 లక్షల మంది కావాలి. ఇంత కొరత ఉన్న పనికి జీతం పెరగాలి కదా! చాలాచోట్ల పెరగడం లేదు. కొరత ఎక్కువగా ఉన్నది పేద దేశాల్లో, అక్కడ పోస్టులు నింపడానికే డబ్బు ఉండదు. ఇది ఒక కారణం. ఈ వృత్తిలో 85 శాతం మంది ఆడవాళ్ళు కావడం, వాళ్ళ పనిని ఓర్పు, దయ అని పొగిడి సరిపెట్టడం ఇంకో కారణమని నా గట్టి నమ్మకం.

మా నాన్నగారు పక్షవాతంతో మంచాన పడ్డప్పుడు వార్డులో ఒక నర్సు ఉండేవారు. రెండు గంటలకోసారి ఒళ్ళు ఎలా తిప్పాలో నాకు నేర్పింది ఆవిడే. మడమల కింద, నడుము కింది ఎముక దగ్గర చర్మం ఎర్రబడుతోందని మా ఎవరికీ కనిపించకముందే ఆవిడ పట్టుకున్నారు. పుండు పడకుండా ఆగింది. ఆవిడ మాతో తియ్యగా మాట్లాడారో లేదో నాకు గుర్తు లేదు. చూడాల్సిన చోట చూశారు. అది చదువు వల్ల, అభ్యాసం వల్ల వచ్చే నేర్పు. దానికి జీతం ఇవ్వాలి.

సేవ అనగానే ఫ్లారెన్స్ నైటింగేల్ పేరు చెబుతారు. 1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆవిడ పేరున మొదలైన శిక్షణ పాఠశాలలో నేర్చుకునేవాళ్ళకు భోజనం, వసతి, దుస్తులతో పాటు కొద్దిపాటి జీతం కూడా ఇచ్చేవారు. ఇప్పుడు యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం నర్సు శిక్షణ కనీసం 4,600 గంటలు, అందులో సగం రోగుల దగ్గరే. అంత పని చేస్తూ ఎదురు ఫీజు కట్టే పద్ధతి ఎన్నో దేశాల్లో ఉంది. ఇంగ్లండ్‌లో 2017లో నర్సింగ్ విద్యార్థులకు ఇచ్చే బర్సరీ (చదువుకు ఆర్థిక సాయం) తీసేస్తే దరఖాస్తులు పడిపోయాయి, వయసు పైబడి చేరేవాళ్ళవి మరీ ఎక్కువగా. చివరికి 2020 నుంచి ఏడాదికి కనీసం 5,000 పౌండ్ల సాయం ఇవ్వాల్సి వచ్చింది. నాలాంటివాళ్ళు ఎక్కడ ఆగిపోతారో దీన్నిబట్టే తెలుస్తోంది.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1977లోనే 157వ సిఫార్సులో ఈ విషయం రాసింది. నర్సుల వేతనం వాళ్ళ అవసరాలకు, అర్హతలకు, బాధ్యతలకు తగినట్టుండాలి, మనుషుల్ని ఈ వృత్తిలోకి రప్పించి నిలిపి ఉంచేలా ఉండాలి అని. ఇది దాతృత్వంగా ఇవ్వాల్సింది కాదు.

జీతంతో పాటు అడగాల్సింది ఇంకొకటుంది: ఒక షిఫ్టులో ఒక నర్సు ఎంతమంది రోగుల్ని చూడాలి? 2014లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో తొమ్మిది యూరప్ దేశాల ఆసుపత్రుల మీద ఒక అధ్యయనం వచ్చింది. నర్సుకు ఒక్క రోగి అదనంగా పెరిగితే, ఆపరేషన్ అయినవాళ్ళు నెలలోపు చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతుందని అందులో తేలింది. ఆరుగుర్ని చూసే నర్సుకూ పన్నెండుమందిని చూసే నర్సుకూ నెలనెలా వచ్చే అంకె ఒకటే అయినంత మాత్రాన వాళ్ళ జీతం ఒకటి కాదు.

మీ పత్రిక కెరీర్ పేజీలకు నా విన్నపం ఇది. నర్సింగ్ గురించి రాసేటప్పుడు పైమెట్టు మీది జీతం ఒక్కటే వేయకండి. మొదటి ఏడాది చేతికి ఎంత వస్తుంది, శిక్షణ కాలంలో ఏమైనా ఇస్తారా, కొన్నేళ్ళు అక్కడే పనిచేయాలని బాండ్ రాయించుకుంటారా, నర్సుకు రోగులెందరు, ఇవి కూడా వేయండి. కోర్సు ప్రకటన ఇచ్చే సంస్థలను కూడా ఈ వివరాలు అడగండి. ఉద్యోగం వదిలి వచ్చేవాళ్ళకు ముందుగా కావాల్సినవి ఇవే.

ఇట్లు,
నర్సింగ్‌లో చేరబోతున్న ఒక పాఠకురాలు